మహారాజశ్రీ జిన్నుల వారి సముఖమునకు

ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్ అను వీధి కలదు. ఆంగ్ల, హిందీ దినపత్రికలలో పేరుమోసినవి పెక్కు అచ్చట భవనములు కట్టుకొని అచ్చుయంత్రములు నెలకొల్పుకొనుటచే దానికి పత్రికల వీధి యను ఖ్యాతి కలిగినది. 1975 జూన్ 25వ తేది రాత్రి అత్యవసర పరిస్థితి విధింపబడినపుడు, మరునాటి సంచికలు వెలువడకుండుటకై కరెంటు తీసివేయబడినదియు ఈ వీధిలోనే. ఆ వీధికి తూర్పు ప్రక్కన, క్రికెట్టు మైదానమునకు చేరువగా, 1354లో ఫిరోజ్ షా తుగ్లక్ కట్టింప మొదలిడిన కోట శిథిలములు నేటికిని నిలిచియున్నవి. గురువారము వచ్చినదా, హిందువులు ముస్లిములు అను భేదము లేక స్త్రీలును పురుషులును గుంపులు గుంపులుగా, అగరువత్తులు, గులాబీ రేకులు, పాలు, మిఠాయిలు చేతబట్టి ఆ కోటలోని చీకటి గదులలోనికి దిగుదురు. అచ్చట జిన్నులు కాపురమున్నారని వారి విశ్వాసము. వారు తెచ్చు వస్తువులలో మిగిలిన వానికంటె నాకు ముఖ్యముగా తోచునది కాగితము.

ఆ కాగితము మీద వ్రాసియుండునది స్తోత్రము కాదు, మంత్రమును కాదు; అచ్చముగా అర్జీ. పేరు, చిరునామా, వచ్చిన కష్టము, కోరెడి కోరిక వరుసగా నుండును. కొందరు ఫొటో కూడ జతచేయుదురు. ఏండ్ల తరబడి తేలని దావా, సంబంధము కుదురని కుమార్తె, త్రాగుడు మానని భర్త, ఉద్యోగము దొరకని కొడుకు, ఇల్లు ఖాళీ చేయని అద్దెదారు: ఏ కలెక్టరు కచేరీ మెట్ల మీద నిలువబడినను వినవచ్చు కష్టములే యివి. విశేషమేమనగా, ఒకే అర్జీకి అనేకమైన జిరాక్సు కాపీలు తీయించి, ఒక గూటిలో నొకటి, మరియొక గదిలో నొకటి చొప్పున ఉంచిపోవువారు కలరు. ఈ శాఖ వారు చూడకున్న ఆ శాఖ వారైనను చూడకపోవుదురా యను ఆశ! ఈ విషయమును సంవత్సరముల కొలది పరిశీలించి 2017లో ‘జిన్నియాలజీ’ అను గ్రంథమును ప్రకటించిన ఆనంద్ వివేక్ తనేజా, జిన్నులకు జాబులు వ్రాయు ఈ యాచారము బహు ప్రాచీనమేమియు కాదనియు, అత్యవసర పరిస్థితి ముగిసిన 1977 ప్రాంతమున మొదలైనదనియు తేల్చెను. అంతకు ముందటి సంవత్సరమే, ఆ కోటకు ఎంతో దూరము లేని తుర్క్‌మాన్ గేటు వద్ద ఇండ్లు కూల్చివేయబడినవి. వినవలసినవారు వినకుండిన కాలమున జనులు వినెడివారిని వెదకికొనిరని నేను గ్రహించితిని.

ఆ కోట శిఖరమున నిలిచియున్న అశోకస్తంభము కథ ఇంతకంటె వింతయైనది. నేటి హర్యానాలోని టోప్రా గ్రామమున నుండిన ఆ యేకశిలను ఫిరోజ్ షా పెకలింపించి, బూరుగుదూదిలో పొదివించి, నలువది రెండు చక్రముల బండి మీద యమున యొడ్డునకు చేర్పించి, పడవల మీద రాజధానికి తెప్పించిన విధమును చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ వివరముగా వ్రాసిపెట్టెను. అది భీమసేనుని చేతికర్ర యని ఆనాటి జనులు చెప్పుకొనుచుండిరట. దాని మీది లిపిని చదువగలవాడు లేకపోయెను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివి చూపిన పిదప తెలిసినదేమనగా, అది యొక ప్రభుత్వ ఉత్తరువు: మరణదండన పడినవారికి మూడు దినముల గడువు ఈయవలెనని రజ్జుకులను ఉద్యోగులకు చక్రవర్తి పంపిన ఆజ్ఞ కూడ అందున్నది. నాలుగు శతాబ్దములకు పైగా ఢిల్లీ జనులు చదువరాని ఒక సర్కారీ దస్తావేజు క్రింద నిలిచి కథలు కట్టుకొనిరన్నమాట. ఈ నగరముయొక్క కల్పనాశక్తికి ఇంతకంటె తగిన పునాదిరాయి దొరకదు.

అర్బన్ ఫాంటసీ యను పేర నేడు పుస్తక విపణిలో చెలామణి యగుచున్న సాహిత్యమునకు పుట్టినిల్లు లండను, న్యూయార్కు నగరములని విమర్శకుల వాడుక. 1996లో నీల్ గైమన్ కల్పించిన ‘నెవర్‌వేర్’లో లండను వీధుల క్రింద మరియొక లండను దాగియున్నది, దాని వెనుక వచ్చిన నవలలలో రక్తపిశాచులు, తోడేలు మనుష్యులు మద్యశాలలలో తారసిల్లుదురు. ఆ మూసను యథాతథముగా తెచ్చి ఢిల్లీ మీద బోర్లించుటకు మన ఆంగ్ల రచయితలలో కొందరు పూనుకొనిరి గాని, అది కుదురలేదు. నా యభిప్రాయమున ఢిల్లీకి దాయాదియైన నగరము లండను కాదు, గోగోల్ పీటర్స్‌బర్గు. విశాలాంధ్ర దుకాణములలో చౌకగా దొరికిన సోవియట్ పుస్తకముల పుణ్యమా యని గోగోల్ మనకు పరాయివాడు కాడు. 1836లో వెలువడిన ‘ముక్కు’ కథలో, ఒక మధ్యతరగతి అధికారి ముక్కు అతనిని విడిచిపోయి, అతనికంటె పై హోదా దుస్తులు ధరించి బండిలో తిరుగుచుండును. ముక్కు పోయినదని ప్రకటన వేయించుటకు అతడు పత్రికా కార్యాలయమునకు పోగా, ఇట్టివి అచ్చువేసిన మా పత్రిక పరువు పోవునని గుమాస్తా నిరాకరించును. బుల్గాకోవ్ నవలలో సైతాను మాస్కోకు దిగివచ్చినపుడు అతనికి ఎదురగునది అద్దె గదుల సమస్య, గృహసంఘపు అధ్యక్షుడు. దస్త్రములతో నడచు రాజధానులలో అద్భుతమునకు కూడ రిజిస్టరులో నమోదు కావలసియుండును. ఢిల్లీ అట్టి రాజధాని. ఆంధ్రదేశము నుండి ఏటేట ఎందరు పెద్దలు ఏదో యొక నిధి కొరకు, ఏదో యొక అనుమతి కొరకు అర్జీలు చంకబెట్టుకొని ఆంధ్రా భవనములో దిగుదురో యెరిగిన తెలుగువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక పిట్టకథ. జిన్నులకు అర్జీలు మొదలైన ఆ 1977లోనే మనకు ‘యమగోల’ వచ్చినది. తాతినేని రామారావు దర్శకత్వమున, డి.వి. నరసరాజు రచనతో వచ్చిన ఆ చిత్రమున ఎన్.టి. రామారావు చచ్చి నరకమునకు పోయి, పశ్చాత్తాపపడుటకు మారుగా యమభటులను కూడగట్టి సంఘము పెట్టించి సమ్మెకు పురికొల్పును. కైకాల సత్యనారాయణ యమధర్మరాజై యజమాని వలె తల పట్టుకొనును. నరకమును కార్యాలయముగా, చిత్రగుప్తుని చిట్టాను తారుమారు చేయదగిన ఫైలుగా చూచిన ఆ దృష్టిని మన పండితులు హాస్యమని త్రోసిపుచ్చిరి. వారు పొరబడిరని నా వాదము. ఢిల్లీ జనులు కోట గూళ్ళలో చేసినదానినే మన చిత్రకథకులు వెండితెర మీద చేసిరి. రెంటికిని మధ్య ఎట్టి సంబంధమును లేదు, కాని కాలము ఒక్కటే.

ఇక సమకాలీన గ్రంథములకు వత్తము. ఢిల్లీని గూర్చిన అద్భుత కథలలో నేను అగ్రాసన మిచ్చునది సార్నాథ్ బెనర్జీ బొమ్మల నవల ‘ఆల్ క్వైట్ ఇన్ వికాస్‌పురీ’కి. 2004లో కనాట్ ప్లేసులోని పాతపుస్తకముల వర్తకుని చుట్టును ‘కారిడార్’ అను బొమ్మల నవల అల్లి పేరు గడించిన ఈ చిత్రకారుడు, 2015లో వెలువరించిన ఈ నాలుగవ గ్రంథమునకు కొళాయిలు బాగుచేయు గిరీశ్ అనువానిని నాయకునిగా చేసెను. తామ్రపు గనుల మీద బ్రతికిన యొక ఊరు, కర్మాగారము ప్రైవేటు పరమై మూతపడగా పాడుపడును. గిరీశ్ పొట్టచేతబట్టుకొని ఢిల్లీకి వచ్చును. ఒక ధనికుడు అతనికి పని యిచ్చును. ఏమి పని? భూగర్భములోనికి త్రవ్వుకొనిపోయి అంతర్వాహినియైన సరస్వతీ నదిని కనుగొనుట! క్రింద అతడు విచిత్ర మానవులను కలసికొనుచుండగా, పైన కాలనీకిని కాలనీకిని నీటి కొరకు యుద్ధము సాగుచుండును. పుష్పకవిమానము లేదు, మాంత్రికుడు లేడు. ఉన్నది పైపు, పానా, దప్పిక. తెల్లవారుజామున కొళాయి వచ్చు అరగంట సేపటిలో మోటారు వేసి ప్రక్కవాని నీరు కూడ లాగుకొను నగరమున, ఆ బొమ్మలు చూచిన గృహిణికి అది కల్పన యని తోచునా?

గ్రంథము వెలువడిన ఆ 2015లోనే హర్యానా ప్రభుత్వము యమునానగర్ జిల్లాలోని ముగల్‌వాలీ గ్రామమున నిజముగనే సరస్వతి కొరకు త్రవ్వకములు సాగించెను. కొన్ని యడుగుల లోతున నీరు పడగా నది దొరికినదని సంబరపడినవారును కలరు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో జాట్ ఆందోళనకారులు మునక్ కాలువను దెబ్బతీయగా ఢిల్లీకి నీరు నిలిచిపోయి, కాలువను స్వాధీనపరచుకొనుటకు సైన్యమును పంపవలసివచ్చెను. బెనర్జీ నీటియుద్ధమును పరిహాసముగా వ్రాసిన కొలది మాసములకే అది వార్తగా పత్రికలకెక్కినది.

తక్కిన వారిని గూర్చి క్లుప్తముగా చెప్పెదను. వందనా సింగ్ వ్రాసిన ‘డెల్హీ’ అను కథలోని నాయకుడు ఈ నగర వీధులలో నడచుచు గతకాలపు మనుష్యులను, రానున్న కాలపు మనుష్యులను కన్నులార చూచును. చిన్న కథయైనను, ఏడు రాజధానుల మట్టి మీద నిలిచిన ఊరికి ఇంతకంటె సహజమైన వరము లేదు. సమిత్ బసు 2020లో ప్రకటించిన ‘చోజెన్ స్పిరిట్స్’ కొన్నియేండ్ల తరువాతి ఢిల్లీని చూపును. అందు మాయ యంతయు తెరల మీదిది, నిఘా కన్నులది. తెలివి మిక్కుటము, చెమట వాసన తక్కువ. నీలాంజనా రాయ్ ‘ది వైల్డింగ్స్’ (2012)లో నిజాముద్దీన్ ప్రాంతపు పిల్లులు మీసముల సాయమున ఒకదాని మనస్సుతో నొకటి సంభాషించును. ఇందు అర్జీ లేదు, కచేరీ లేదు, నా వాదమునకు ఇది బొత్తిగా లొంగదు; అయినను దర్గా సందులలో పిల్లికూన పడు భయమును ఆమె వర్ణించిన తీరునకు నేను దాసుడను.

గ్రంథకర్త లేని నవల యొకటి 2001 మే మాసమున ఈ నగరమున సాగినది. దాని పేరు కాలా బందర్, నల్లకోతి. మొదట గాజియాబాదులో, పిదప తూర్పు ఢిల్లీలో, రాత్రివేళ ఒక వింతజీవి మిద్దెల మీద దూకుచు నిద్రించువారిని గోళ్ళతో చీల్చుచున్నదని వదంతి పుట్టెను. శిరస్త్రాణము కలదని యొకరు, ఇనుప గోళ్ళని యొకరు, రొమ్ము మీద మీటలు కలవనియు వానిని నొక్కినంతనే అదృశ్యమగుననియు మరియొకరు చెప్పిరి. పోలీసులు ఊహాచిత్రములు గీయించి, పట్టియిచ్చినవారికి 50,000 రూపాయల బహుమానము ప్రకటించిరి. భయముతో మిద్దెల మీది నుండి పడి చనిపోయినవారు కలరు. కడపట నిపుణులు విచారించి అట్టి జీవి లేదనియు, ఇది సామూహిక భ్రాంతి యనియు తేల్చిరి. సంగతి సత్యమే. కాని ఆ భ్రాంతి నగరమంతటను సమముగా వ్యాపింపలేదు. మే నెల వేడిమిలో కరెంటు కోత పడిన బస్తీలలో, గదులలో ఉడికిపోలేక మిద్దెల మీద పండుకొనినవారినే నల్లకోతి గాయపరచినది. జనరేటరు కల బంగళాల జోలికి అది పోలేదు. 2009లో రాకేశ్ ఓంప్రకాశ్ మెహ్రా ‘ఢిల్లీ-6’ చిత్రమున ఈ కోతిని తెచ్చి, అద్దములో చూచుకొన్న మన లోపలి కోతియే యది యని బోధ చేసెను. బోధ మంచిదే. అయితే కరెంటు కోతను విడిచి ఆత్మవిచారమును పట్టుకొనుటచే అసలు కోతి పారిపోయినదని నాకు తోచినది.

సర్కారే పాత్రధారియైన అద్భుతకథ మల్చా మహల్‌ది. 1970ల నడుమ బేగం విలాయత్ మహల్ అను నామె, అవధ్ నవాబుల వంశమునకు వారసురాలనని చెప్పుకొనుచు, కుమారునితో, కుమార్తెతో, సేవకులతో, వేటకుక్కలతో న్యూఢిల్లీ రైల్వేస్టేషనులోని విశ్రాంతిగదిలో మకాము వేసి, తెల్లవారు వాజిద్ అలీ షా నుండి హరించినదానిని తిరిగి యీయుమని సంవత్సరముల తరబడి పట్టుపట్టెను. విదేశీ విలేఖరులు వచ్చి వ్రాసిరి. ప్రభుత్వమునకు తలవంపు కలిగెను. కడకు 1985 ప్రాంతమున, రిడ్జ్ అడవిలోని తుగ్లక్ కాలపు వేటబంగళా యొకటి ఆమెకు దక్కినది: తలుపులు లేవు, కరెంటు లేదు, కొళాయి లేదు. ఆమె 1993లో ప్రాణము తీసికొనెను. కుమారుడు 2017లో ఒంటరిగా మరణించెను. 2019లో ఎలెన్ బారీ అను అమెరికా పాత్రికేయురాలు శోధించి, ఆ కుటుంబము రాజవంశీయులది కాదని వెల్లడించెను. మరి నలువది యేండ్లు ఆ కథను నిలిపినదెవరు? అర్జీదారు ఒక్కతెయే కాదు. అర్జీని పుచ్చుకొని, జవాబు వ్రాసి, ఉత్తరువు పంపిన కార్యాలయములు కూడ సహకర్తలే. రాజముద్ర పడిన కల్పనకు నిజముతో పనిలేదు. 2023లో ఢిల్లీ పర్యాటకశాఖ ఆ శిథిలమునకు దెయ్యముల విహారమును టిక్కెట్టుతో మొదలుపెట్టినది. దెయ్యము కంటె ఆ ఫైలు భయంకరమైనదని చూపరులకు చెప్పువారున్నారో లేదో!

చిత్రశిల్పముల విషయమున కూడ నేను ఈ గీటురాతినే వాడుదును. 1992లో ఢిల్లీలో ముగ్గురు మిత్రులు స్థాపించిన రాక్స్ మీడియా కలెక్టివ్ వారు 2015 వెనిస్ ప్రదర్శనమున ‘కొరొనేషన్ పార్క్’ పేర నెలకొల్పిన విగ్రహములను చూడుడు. 1911 దర్బారు జరిగిన మైదానమున, పదవి తప్పిన దొరల విగ్రహములు ఉత్తర ఢిల్లీలో ఎండకు ఎండుచున్నవి. వానిని పోలినవానిని చేసి, ఒకనికి మొగము లేకుండ, ఒకనికి దుస్తుల లోపల దేహము లేకుండ చేసి పీఠములెక్కించిరి. అధికారము పోయిన పిదప మిగులు అంగరఖా వంటి వస్తువది. ఆ మైదానమునకు చేరిన అయిదవ జార్జి విగ్రహము ఇండియా గేటు వద్ద విడిచివచ్చిన ఛత్రము అర్ధశతాబ్దమునకు పైగా శూన్యముగా నుండెను. 2022 జనవరి 23న సుభాష్ చంద్ర బోసు విగ్రహమును అచ్చట వెలుతురుతో, హోలోగ్రాము రూపమున ప్రతిష్ఠించిరి. సెప్టెంబరులో రాతి విగ్రహము వచ్చెను. ఖాళీ గొడుగు క్రింద రాత్రులందు వెలుగుమనిషి నిలిచిన ఆ మాసములలో, ఏ చిత్రకారుడును ప్రభుత్వముతో పోటీ పడలేకపోయెననుట అతిశయోక్తి కాదు. లోధీ కాలనీలో సర్కారు ఉద్యోగుల క్వార్టర్ల గోడల మీద 2015 తరువాత దేశవిదేశ చిత్రకారులు వేసిన పెద్ద బొమ్మలు కన్నులకు ఇంపుగానే యున్నవి. వాని ముందు ఫొటోలు దిగువారికి కొదువలేదు. కాని ఆ గోడ వెనుక బదిలీ కొరకు ఎదురుచూచు గుమాస్తా కల ఏదియు వానిలోనికి రాలేదు.

అర్జీ లేని అద్భుతము ఎట్లుండునో తెలియగోరువారు గుర్‌గావ్ కథను చూడవలెను. 2010లో అచ్చట ‘కింగ్‌డమ్ ఆఫ్ డ్రీమ్స్’ అను వినోదసౌధము తెరచిరి. కృత్రిమాకాశము క్రింద దేశములోని రాష్ట్రములన్నియు దుకాణములై వరుస తీరినవి. రంగస్థలమున గగనవిహారములు జరిగినవి. తరువాత బకాయిల చిక్కులలో పడి అది మూతపడెను. దానికంటె నాకు నోయిడా శాపము ప్రీతికరము. నోయిడాలో కాలుపెట్టిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రికి పదవి పోవునను నమ్మకము 1988లో వీర్ బహదూర్ సింగ్ పదవీచ్యుతితో మొదలై ఎంత బలపడినదనగా, అఖిలేశ్ యాదవ్ తన అయిదేండ్ల పాలనలో అటు తొంగిచూడక, యమునా ఎక్స్‌ప్రెస్ వేను లక్నో నుండియే ప్రారంభించెను. 2017 డిసెంబరులో యోగీ ఆదిత్యనాథ్ మెట్రో ప్రారంభమునకు వచ్చి, 2022లో తిరిగి గెలిచి ఆ శాపమును తీర్చెను. అద్దాల మేడల ఐటీ నగరమున, ఇంగ్లీషు చదివిన ఐ.ఏ.ఎస్. అధికారులు ముఖ్యమంత్రుల ప్రయాణ కార్యక్రమములను ఒక శాపమునకు అనుగుణముగా ముప్పది యేండ్లు దిద్దుచుండిరి. దీనిని నవలగా వ్రాసిన ప్రచురణకర్త నమ్మశక్యము కాదని త్రిప్పిపంపును.

మూఢవిశ్వాసములకు సాహిత్య గౌరవము కట్టబెట్టుచున్నానని హేతువాద మిత్రులు నన్ను ఆక్షేపింతురు. గోరా వంటివారు నిప్పుల మీద నడచి చూపిన దేశమున పుట్టి జిన్నులను సమర్థించుట తగునా యని అందురు. నేను సమర్థించుచున్నది జిన్నులను కాదు. వారికి వ్రాయబడిన జాబులోని వాక్యమును. ఆ వాక్యమున వ్యాకరణము తప్పవచ్చును గాని, కష్టము తప్పు కాదు. జాబును పారవేయించు ప్రయత్నమునకు ముందు ఆ దావాను తేల్చు ప్రయత్నము జరుగవలెనని కోరుట హేతువునకు విరుద్ధమెట్లగును?

నా అసంతృప్తి మనవారి మీదనే. ‘యమగోల’ను కన్న తెలుగు జనరంజక కల్పన తరువాత రాజ్యములకు, కోటలకు, గుప్తనిధులకు పరుగులు తీసినది. 2015 నాటి మాహిష్మతి వైభవము చూచి నేనును చప్పట్లు కొట్టినవాడనే. 2024లో వచ్చిన ‘కల్కి’లో నీరు లేక ఎండిన కాశీ చూచి, ఇది కదా దారి యని క్షణము ఆశపడినవాడనే. అయినను హైదరాబాదు నగరమున మనకండ్ల ముందరనే జరుగుచున్న కథను మనము విడిచితిమి. ఉస్మాన్ సాగరు చేరువను చిలుకూరు బాలాజీ ఆలయమున, అమెరికా వీసా కోరి పదునొకండు ప్రదక్షిణములు చేసి, అది చేతికి వచ్చిన పిదప నూట యెనిమిది చేయు యువజనులు వేలకొలది కలరు. దైవమునకు ‘వీసా బాలాజీ’ యని పేరే వచ్చినది. భక్తుల విశ్వాసము వారిది. దానిని తూచు త్రాసు నా యొద్ద లేదు. కాని అమెరికా కాన్సులేటు కౌంటరునకును ఆ ప్రదక్షిణ మార్గమునకును నడుమ తిరుగు బి.టెక్. కుర్రవాని మనస్సు, వాని పేర బ్యాంకులో అప్పు తీసిన తండ్రి మనస్సు, తిరస్కరింపబడిన మరునాడు తిరిగి ఒకటి యని లెక్క మొదలిడు పాదములు: వీనిని పట్టుకొన్న నవల నా చేతికి ఇంతవరకు రాలేదు. వచ్చిన నాడు దానిని బెనర్జీ పుస్తకము ప్రక్కన ఉంచుటకు నా అలమారలో చోటు విడిచియున్నాను.